కోనసీమకు... ఖాళీ కడుపుతో!

‘‘సంక్రాంతి సంచికకి కవర్‌ స్టోరీ కోనసీమ రుచులు. నువ్వెళ్లు’’ అన్నారు మా ఎడిటర్‌గారు. పక్క సీట్లలో వాళ్లకి ఎంత కుళ్లో! ‘‘పెట్టి పుట్టావు తల్లీ. పూతరేకులు, కాజాలు, పనసపొట్టు కూర... తినడానికి జీతం కూడా ఇస్తున్నారు’’ అంది ఒకావిడ. నేనూ నవ్వాను. నా బల్ల సొరుగులో ఓ చిన్న సంచి ఉంటుంది. అందులో అల్లం మురబ్బా ముక్కలు, ఒక నిమ్మకాయ, రెండు పాలిథిన్‌ కవర్లు. ఆ సంచి లేకుండా నేను గడప దాటి నాలుగేళ్లయింది.

విషయం ఏమిటంటే, నాకు అన్నం సయించదు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా కడుపులో తిప్పుతూనే ఉంటుంది. బస్సు ఘాట్‌ రోడ్డు ఎక్కినప్పుడు మీకు ఎలా ఉంటుందో, నాకు కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడు అలా ఉంటుంది. కొన్ని రోజులు సన్నగా, కొన్ని రోజులు గట్టిగా. ఎందుకో ఏ డాక్టరూ చెప్పలేకపోయారు. పక్కింట్లో పోపు పెడితే మా ఇంట్లో కిటికీలు మూసుకుంటాను. అలాంటిదాన్ని కోనసీమకి బయల్దేరాను. అదీ ఇంటింటా అరిసెల పాకం ఉడికే రోజుల్లో, రుచుల గురించి రాయడానికి!

మరి ఇన్నాళ్లూ వంటల మీద ఎలా రాశావంటారా? అంతా మా ఫొటోగ్రాఫర్‌ పుణ్యం. అతను తింటాడు, నేను రాస్తాను. ‘‘ఎలా ఉంది?’’ ‘‘బావుంది.’’ ‘‘ఎలా బావుంది?’’ ‘‘చాలా బావుంది.’’ ఆ అబ్బాయిని పీకి పీకి నాలుగు ముక్కలు రాబట్టి, ‘నోట్లో వేసుకుంటే ఇట్టే కరిగిపోతుంది’ అని రాసేదాన్ని. మీరు చదివేవారు. ఈసారి అలా రాయబుద్ధి కాలేదు. ఎందుకంటే ఆ దారి చివర మా పిన్ని ఉంటుంది.

పిన్ని ఇంటికి వెళ్లి కూడా నాలుగేళ్లయింది. మూడేళ్ల క్రితం చెల్లి పెళ్లికీ వెళ్లలేదు. సెలవు దొరకలేదని చెప్పాను. సెలవు దొరికింది. ఆ రోజంతా హైదరాబాద్‌లో ఇంట్లో తలుపేసుకుని పడుకున్నాను. గోదావరి జిల్లాలో పెళ్లి భోజనాల దగ్గర ‘నేను తినను’ అనే మనిషిని ఎవరు వదులుతారు చెప్పండి?

ఏడు వారాలూ ఉపవాసమే

సికింద్రాబాద్‌లో గౌతమి ఎక్స్‌ప్రెస్‌ కదిలిందో లేదో, బోగీలో గిన్నెల మూతలు లేచాయి. ఆఫీసువాళ్లు ఏసీ టికెట్‌ తీస్తామన్నా నేను స్లీపరే అడిగాను. ఏసీ బోగీలో కిటికీ తెరుచుకోదు. ఒకరి గోంగూర పచ్చడి అందరికీ గోంగూర పచ్చడే. ఇక్కడైతే కనీసం కిటికీ ఊచలకి మొహం ఆనించి గాలి పీల్చుకోవచ్చు.

ఎదురు సీటులో ఓ పెద్దావిడ. మండపేట వెళ్తున్నారట. పులిహోర పొట్లం విప్పి, నేను చూస్తుండగానే సగం ఇంకో విస్తరాకు ముక్కలో పెట్టేశారు. ‘‘తినమ్మా, మొహమాటపడకు.’’

‘‘ఉపవాసమండీ’’ అన్నాను. నాకు తెలిసిన అతి సులువైన అబద్ధం అదే. సోమవారమైతే శివుడికి, మంగళవారం ఆంజనేయుడికి, గురువారం బాబాకి, శుక్రవారం అమ్మవారికి, శనివారం వెంకన్నకి. నా వికారం పుణ్యాన దేవుళ్లందరి లెక్కా చెల్లిపోతోంది. ఇంత భక్తురాలైన కోడలు తమ వంశంలోనే లేదని మా అత్తగారు మొదట్లో మురిసిపోయారు కూడా. తర్వాత్తర్వాత ఆవిడ మొహంలో ఇంకో ప్రశ్న కనిపించేది.

మన దగ్గర పలకరింపే ‘భోంచేశారా?’ అని కదా. ‘లేదు’ అంటే వడ్డిస్తారు. ‘అయింది’ అంటే ‘ఇంకాస్త’ అంటారు. ‘తినలేను’ అనే జవాబుకి మాత్రం మన మర్యాదల్లో చోటు లేదు. అందుకే నాలాంటివాళ్లు అబద్ధాలు నేర్చుకుంటారు. అబద్ధాలు అయిపోయాక వెళ్లడం మానేస్తారు. నేను అలా మానేసిన గృహప్రవేశాలు, బారసాలలు, పుట్టినరోజులు లెక్కపెడితే ఒక డైరీ నిండుతుంది. చుట్టాలు కొన్నాళ్లు నిష్ఠూరమాడారు. ఆ తర్వాత పిలవడం తగ్గించారు. నిజం చెప్పాలంటే రుచి పోయినందుకు నాకు పెద్ద బెంగ లేదు. మనుషులు పోతున్నందుకే బెంగ.

గోదారి మీద తెల్లారింది

జనవరి మంచు వల్ల రైలు ఆలస్యమైంది. అదే మంచిదయింది. కొవ్వూరు దాటి వంతెన ఎక్కేసరికి తెల్లారుతోంది. బోగీలో సగంమంది లేచి తలుపుల దగ్గరికొచ్చారు. ఎవరో అమ్మ నిద్రకళ్ల పిల్లాడి చేత నీళ్లలోకి రూపాయి వేయించింది. మేం వెళ్తున్నది 1997లో వచ్చిన కొత్త వంతెన. విల్లుల్లాంటి కాంక్రీటు కమానులు ఒకటొకటిగా వెనక్కి పోతుంటే, వాటి సందుల్లోంచి పాత హేవ్‌లాక్‌ వంతెన కనిపిస్తుంది. 1900 నుంచి దాదాపు వందేళ్లు రైళ్లని మోసి, ఈ కొత్తది వచ్చాక విశ్రాంతి తీసుకుంది.

నది మీది గాలికి తిండి వాసన ఉండదు. తడి ఇసక వాసన, నీళ్ల వాసన. అంతే. నిండుగా ఊపిరి పీల్చుకున్నాను. దేశంలో ఇంకెక్కడికెళ్లినా మొదట చూసేది ఏముందని కాదు, గాలి ఎటునుంచి వీస్తోందని. నాలుగేళ్లుగా నా ప్రయాణాలన్నీ ఇంతే. ఊళ్లు నాకు వాసనలుగానే గుర్తుంటాయి.

రాజమండ్రి స్టేషన్‌ బయట కారు డ్రైవర్‌ ఎదురొచ్చాడు. ‘‘ఆయ్‌, నమస్కారమండీ. టిఫిన్‌ చేసి బయల్దేరదామాండీ?’’ మొదటి మాట అదే! ఫొటోగ్రాఫర్‌ పెసరట్టు తినొచ్చేదాకా నేను కారు పక్కన నిలబడి నిమ్మకాయ గిల్లి వాసన చూసుకుంటూ గడిపాను.

రిపోర్టులన్నీ నార్మల్‌

ధవళేశ్వరం దారిలో ఫొటోగ్రాఫర్‌ అడిగాడు, ‘‘అసలు మీకు ఏమైంది మేడమ్‌?’’ అని. మూడేళ్లుగా కలిసి తిరుగుతున్నాం. నా బదులు తింటూ వచ్చిన మనిషి. అతనికైనా చెప్పాలనిపించింది.

ఒక మామూలు జ్వరంతో మొదలైంది. నాలుగు రోజులు వాంతులు. జ్వరం తగ్గింది, వికారం తగ్గలేదు. నెలయినా తగ్గకపోతే ఆసుపత్రుల చుట్టూ తిరిగాను. రక్త పరీక్షలు, థైరాయిడ్‌, కడుపు స్కానింగ్‌, గొట్టం వేసి చూసే ఎండోస్కోపీ, తలకి ఎమ్మారై. చివరికి కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థం కలిపిన ఆహారం తినిపించి, అది కడుపులోంచి ఎంతసేపటికి దిగుతుందో నాలుగు గంటలపాటు చూసే పరీక్ష కూడా. అన్నీ నార్మల్‌. ఓ పెద్ద డాక్టరు ఫైలు మూసి, ‘‘మీకేం లేదమ్మా, ఎక్కువ ఆలోచించకండి’’ అన్నారు. రోగం లేదంటే సంతోషించాలి కదా. నేను ఆయన గది బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ‘ఏం లేదు’ అన్నాక ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

ఇంకో బాధ ఉంది. అది ఆడవాళ్లకే తెలుస్తుంది. పెళ్లయి ఏడేళ్లు, పిల్లల్లేరు. కోడలు పెరట్లోకి పరిగెత్తి వాంతి చేసుకుందంటే ఇంట్లో అందరి కళ్లూ మెరుస్తాయి. ‘‘విశేషమా?’’ అంటారు. ప్రతి ఆసుపత్రిలోనూ మొదటి పరీక్ష అదే. ప్రతిసారీ కాదని తేలేది. ఆ మెరుపు ఆరిపోవడం ప్రతిసారీ నేనే చూడాలి. మన భాషలో గర్భిణి వికారానికి ‘వేవిళ్లు’ అని ఎంతో ముద్దుగా పేరు పెట్టుకున్నాం. చింతకాయలు, మామిడికాయలు తెచ్చిపెడతాం. ఏ విశేషమూ లేని వికారానికి మాత్రం పేరూ లేదు, ముద్దూ లేదు.

పేరు ఉందని రెండేళ్ల క్రితం ఇంకో డాక్టరుగారు చెప్పారు. ‘‘రిపోర్టులో కనపడకపోవడం వేరు, జబ్బు లేకపోవడం వేరు’’ అన్నదే ఆయన మొదటి మాట. కడుపుకీ మెదడుకీ మధ్య వేగస్‌ అని పెద్ద నరం ఉంది. కడుపులో ఏం జరుగుతోందో ఎప్పటికప్పుడు పైకి కబురు మోసేది అదే. ఒక్కోసారి, ముఖ్యంగా ఏదో ఇన్ఫెక్షన్‌ వచ్చి తగ్గాక, ఆ కబురు తప్పుగా వెళ్తుంటుందట. కడుపు బాగానే ఉన్నా మెదడుకి ‘విషం పడింది, బయటికి పంపు’ అని వినిపిస్తుంది. ఇలాంటివాటిని కడుపు, మెదడు మధ్య పొత్తు చెడిన జబ్బులుగా లెక్కిస్తారు. 2016లో వచ్చిన రోమ్‌-4 అనే అంతర్జాతీయ ప్రమాణాల్లో దీర్ఘకాలిక వికారం, వాంతుల సిండ్రోమ్‌ అని దీనికి విడిగా చోటు కూడా ఉంది. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి కడుపు నిండా నిద్రపోయాను. తిండితో కాకపోయినా కడుపు నిండిన రోజది.

తిండి మీద విముఖత ఎందుకంటారా? దానికీ లెక్కుంది. 1955లో అమెరికాలో జాన్‌ గార్సియా అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఎలుకలకి తియ్యటి నీళ్లు తాగించి రేడియేషన్‌ ఇచ్చారు. ఎలుకలకి ఒంట్లో బాగాలేకపోయింది రేడియేషన్‌ వల్ల. అవి దూరం పెట్టింది మాత్రం తియ్యటి నీళ్లని! తిన్నది ఒంటికి పడలేదని మెదడు ఒక్కసారి రాసుకుందంటే చెరిపేయడం కష్టం. జ్వరం రోజుల్లో నేను తిన్న టొమాటో పప్పుకి ఏ పాపమూ తెలీదు. అయినా ఇవాళ్టికీ దాని వాసన వస్తే ఒళ్లు జలదరిస్తుంది. అలా ఒకటి తర్వాత ఒకటి, నా కంచంలోంచి వంటకాలు వెళ్లిపోయాయి. బరువు తగ్గాలనో, సన్నబడాలనో కాకుండా ఇలా తిండికి దూరమయ్యేవాళ్ల సమస్యని 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన జాబితాలో విడిగా చేర్చింది. మన ఆయుర్వేదంలోనైతే రుచి పోవడానికి అరోచకం, వికారానికి హృల్లాసం అని ఎప్పుడో వేర్వేరు పేర్లున్నాయి.

ఇప్పుడు తక్కువ మోతాదులో ఓ మాత్ర వేసుకుంటున్నాను. పూర్తిగా తగ్గలేదు, కాస్త నెమ్మదించింది. ఒక్క మాట చెప్పాలి. ఇది చదివి ఎవరూ తమకి తామే ఈ పేరు తగిలించుకోకండి. వికారంతో పాటు బరువు తగ్గుతున్నా, వాంతిలో నెత్తురు కనిపించినా, ముద్ద దిగకపోయినా, తీవ్రమైన తలనొప్పి ఉన్నా ముందు డాక్టరుకి చూపించుకోవాలి. అన్నీ చూశాకే ‘కారణం తెలియని’ అనే మాట.

అంతా విని ఫొటోగ్రాఫర్‌ కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన బ్యాగులో ఉన్న జీడిపప్పు పకోడీ పొట్లం తీసి, గట్టిగా ముడేసి డిక్కీలో పెట్టించాడు. మూడేళ్లలో అతను నాకు చేసిన పెద్ద సాయం అది.

నెయ్యి పూయని రేకు

ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్‌ దొర ఆనకట్ట పూర్తిచేశాకే ఈ డెల్టాకి అన్నపూర్ణ అని పేరొచ్చింది. అంతకుముందు ఒక ఏడు వరద, ఒక ఏడు కరువు. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టింది. దాని మీదుగా బొబ్బర్లంక చేరితే కోనసీమ మొదలు. అటు గౌతమి, ఇటు వశిష్ఠ, మధ్యలో కాలవలు, కొబ్బరిచెట్లు. రోడ్డు కాలవ గట్టు వెంటే సాగుతుంది. మలుపులెక్కువ. డ్రైవర్‌కి చెప్పి నెమ్మదిగా పోనిమ్మన్నాను.

మా మొదటి మజిలీ ఆత్రేయపురం. పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఊరు. ఇక్కడ ఇది ఫ్యాక్టరీ సరుకు కాదు, ఇంటింటా ఆడవాళ్ల చేతిపని. ఓ వసారాలోకి వెళ్లాం. బోర్లించిన కుండ, దాని కింద కొబ్బరాకుల మంట. జయ బియ్యం నానబోసి, మెత్తగా రుబ్బి, పల్చగా కలిపిన పిండి పక్కన గిన్నెలో ఉంది. ఆవిడ పల్చటి గుడ్డని ఆ పిండిలో ముంచి, రెండు చేతులతో చాచి పట్టుకుని, వేడి కుండ మీదుగా ఒక్క లాగు లాగింది. అంతే. కుండ మీద తెల్లటి పొర. రెండు క్షణాల్లో దాన్ని చేత్తో లేపి పక్కన పెట్టింది. వెలుతురుకి పట్టుకుంటే అవతలి మనిషి కనిపిస్తాడు. ఆ తర్వాతే నెయ్యి, బెల్లం తురుమో పంచదార పొడో, యాలకులు, జీడిపప్పు వేసి మడతలు పెట్టడం.

నెయ్యి కాగే గది లోపల ఉంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ‘‘అలా నిలబడిపోయారేంటండీ, రండి. వేడివేడిగా ఒకటి నెయ్యేసి చుట్టిస్తాను’’ అందావిడ. ఉపవాసం అనబోయాను. పొద్దున్నుంచి నిజాలు చెప్పీ చెప్పీ నోటికి అలవాటైందేమో, ‘‘నాకు నెయ్యి వాసన పడదండీ. కడుపులో తిప్పుతుంది’’ అనేశాను.

ఆవిడ ఏమీ అనుకోలేదు. ‘‘మాకూ పొయ్యి దగ్గర రోజంతా కూర్చుంటే సాయంత్రానికి అన్నం సయించదండీ. ఇదిగో, ఇది తినండి’’ అని పక్కన పెట్టిన రేకుల్లోంచి అంచు చిరిగినదొకటి తీసి చేతికిచ్చింది. నెయ్యి లేదు, తీపి లేదు. ఉత్త రేకు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. వాసన లేదు. నాలుక మీద పెట్టుకున్నాను. చిన్నప్పుడు నోట్‌బుక్‌ కాగితం కొస నమిలినట్టు కాస్త పొడిగా ఉండి, ఆ తర్వాత లేకుండా పోయింది. కడుపు కిమ్మనలేదు. ఇంకో ముక్క. అదీ ఉండిపోయింది. మొత్తం రేకు తినేశాను.

పూతరేకు గురించి ఈ పేజీల్లో ఎన్నోసార్లు చదివి ఉంటారు. నెయ్యీ బెల్లమూ లేని పూతరేకు గురించి రాసింది మాత్రం నేనొక్కదాన్నేనేమో. నోట్లో వేసుకుంటే ఇట్టే కరిగిపోతుందండీ. ఈసారి నిజంగానే.

సీతమ్మగారి ఊరు

రావులపాలెంలో అరటి గెలల లారీలు దాటుకుని, కొత్తపేట మీదుగా పి.గన్నవరం చేరేసరికి మధ్యాహ్నం. ఇక్కడ వైనతేయ పాయ మీద కాలవ వంతెన చూడాల్సిందే. కింద నది, పైన కాలవ. నీళ్ల మీదుగా నీళ్లు దాటుతాయి. కాటన్‌ కాలంలో కట్టిన దాని పక్కనే 2000లో కొత్తది కట్టారు. దాని పేరు డొక్కా సీతమ్మ అక్విడక్టు.

సీతమ్మగారి సంగతి ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు. 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి ఎంతమందికి అన్నం పెట్టేవారంటే, జనం ఆయన్ని ‘బువ్వన్న’ అని పిలిచేవారట. లంకల గన్నవరంలో డొక్కా జోగన్నగారి ఇల్లాలయ్యారు. నదీపాయలు దాటి రాకపోకలు సాగించేవాళ్లకి ఆ లంకల్లో పూటకూళ్లిల్లు కూడా లేని రోజులు. ఏ వేళ వచ్చినా, ఏ కులం వాళ్లొచ్చినా ఆ ఇంట్లో పొయ్యి ఆరేది కాదంటారు. ఏడో ఎడ్వర్డ్‌ పట్టాభిషేకానికి పిలుపొస్తే, తనింటికొచ్చేవాళ్లకి అన్నం ఎవరు పెడతారని వెళ్లలేదని చెప్పుకుంటారు. 1909లో కన్నుమూశారు. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్‌ బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు.

ఆ వంతెన మీద నిలబడి నాలో నేనే నవ్వుకున్నాను. అన్నపూర్ణ ఊరికి, అన్నం సయించని మనిషి అతిథి! సీతమ్మగారే ఉండి ‘భోంచెయ్యమ్మా’ అంటే నేనేం చెప్పేదాన్ని? ఉపవాసమనా?

పిన్ని ఇల్లు అక్కణ్నుంచి పదినిమిషాలు. ఫొటోగ్రాఫర్‌ని వంతెన ఫొటోలకి వదిలి ఒక్కదాన్నే వెళ్లాను.

పథ్యం

వీధి మొగలోనే వాసన తగిలింది. పాకంలో పిండి కలుపుతున్న వాసన, ఆ వెనకే కాగిన నూనె. అరిసెలు. పిన్ని నన్ను చూసి చట్రాలు వదిలేసి జిడ్డు చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. ‘‘ఇన్నాళ్లకి గుర్తొచ్చామటే! చెల్లి పెళ్లికి కూడా రాలేదు. మేం ఏం తప్పు చేశామే?’’ అంటూ వాటేసుకుంది. ఆ చేతుల నూనె వాసనకి నా కడుపు తిరగబడింది. విడిపించుకుని పెరట్లోకి పరిగెత్తి కొబ్బరిచెట్టు మొదట్లో వాంతి చేసుకున్నాను. తినిందే ఒక్క రేకు. అదీ పోయింది.

తలెత్తి చూస్తే పిన్ని చెంబుతో నీళ్లు పట్టుకుని నిలబడి ఉంది. కళ్లు మెరుస్తున్నాయి. ఆ మెరుపు నాకు తెలుసు. ఆవిడ నోరు తెరవకముందే చెప్పేశాను. ‘‘కాదు పిన్నీ. విశేషం కాదు.’’ ఆ బావి గట్టు మీద కూర్చుని మొత్తం చెప్పాను. జ్వరం, పరీక్షలు, ఉపవాసాల అబద్ధాలు, పెళ్లి రోజు తలుపేసుకుని పడుకున్న సంగతి. అమ్మకి కూడా ఇంత వివరంగా చెప్పలేదు. తన వంట నచ్చక తినడం లేదని అమ్మ ఇప్పటికీ లోపల్లోపల నొచ్చుకుంటుంది.

పిన్ని ‘అయ్యో’ అనలేదు. ‘దిష్టి తగిలింది’ అనలేదు. ‘కాస్త తింటే అదే పోతుంది’ అనలేదు. చీర చెంగుతో చేతులు గట్టిగా తుడుచుకుని, ‘‘ఏ వాసన పడదే నీకు?’’ అనడిగింది.

నాలుగేళ్లలో ఎంతోమంది ‘ఏం తింటావు, ఏం చేసిపెట్టను’ అనడిగారు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఈ ప్రశ్నకి ఉంది. పోపు, నెయ్యి, ఇంగువ, వేడి అన్నం మీది ఆవిరి, టొమాటో పప్పు. వరసగా చెప్పాను. చల్లారినవి, పొడిగా ఉన్నవి అంత బాధపెట్టవని కూడా చెప్పాను. వేడి తగ్గితే వాసనా తగ్గుతుందని డాక్టరుగారు చెప్పిందే.

‘‘ఓస్‌, పథ్యమే కదా’’ అంది పిన్ని. ‘‘పథ్యం వండటం మాకు తెలీదనుకున్నావా? మీ అమ్మకి టైఫాయిడ్‌ వచ్చినప్పుడు మా అమ్మ నెల్లాళ్లు వేయించిన బియ్యప్పిండి జావ మీదే నిలబెట్టింది. ఒకే ఇంట్లో పెళ్లి వంట ఓ పొయ్యి మీద, బాలింత పథ్యం ఇంకో పొయ్యి మీద వండినవాళ్లం.’’

అరిసెల మూకుడు పెరటి పాకలోకి మారింది. బాబాయి కిటికీలన్నీ తెరిచి, రెండు బొండాలు దింపించారు. ఓ గుప్పెడు బియ్యం మెత్తగా వండి, పళ్లెంలో పరిచి, గాలికి ఆరబెట్టారు. సాయంత్రం ఫొటోగ్రాఫర్‌, డ్రైవర్‌ కూడా వచ్చాక అందరికీ వరసగా ఆకులు వేశారు. పనసపొట్టు కూర, గుమ్మడికాయ పులుసు, అరిసెలు వాళ్లకి. చివర్న, కిటికీ పక్కన, గాలి వచ్చేచోట నాకో చిన్న ఆకు. అందులో చల్లారిన అన్నం, కాసిని మజ్జిగ, ఉప్పు.

నాలుగు ముద్దలు తిన్నాను. అయిదోది దిగలేదు. ఆకు మడిచేశాను. నేను భయపడింది ఆ క్షణానికే. ‘అప్పుడేనా’, ‘ఇంకొక్క ముద్ద’, ‘నా మీద ఒట్టు’. ఎవరూ అనలేదు. ఎవరూ నా ఆకు వంక చూడలేదు. పిన్ని మజ్జిగ గిన్నె తీసుకుని ఫొటోగ్రాఫర్‌ వైపు వెళ్లిపోయింది. అతను మూడో అరిసె మీదున్నాడు.

ఆ రాత్రి మూడేళ్లు ఆలస్యంగా చెల్లి పెళ్లి ఆల్బమ్‌ చూశాను. పిన్ని పక్కన పడుకుని సీతమ్మగారి కథ చెప్పింది. ఓసారి ఆవిడ అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయల్దేరారట. దారిలో ఎవరో పిల్లలతో వెళ్తూ, ‘ఇంకాసేపు ఓర్చుకోండి, సీతమ్మగారింటికి వెళ్తే అన్నం పెడుతుంది’ అనడం చెవిన పడిందట. వెంటనే వెనక్కి తిరిగి ఇంటికొచ్చి వాళ్లకి వండి పెట్టారట. చిన్నప్పుడు వందసార్లు విన్న కథే. నాకు అప్పుడంతా అందులో అన్నమే కనిపించేది. ఈసారి ఆవిడ చెవి కనిపించింది. అవతలివాళ్లకి ఏం కావాలో వినబట్టే కదా వెనక్కి తిరిగారు!

మర్నాడు పొద్దున కూడా వికారం ఉంది. రోజూ ఉన్నట్టే ఉంది. కోనసీమ గాలికి నా జబ్బు తగ్గిపోయిందని రాస్తే బాగుంటుంది కానీ, అది నిజం కాదు. బయల్దేరేటప్పుడు పిన్ని ఓ డబ్బా ఇచ్చింది. మూత తీయడానికి కాస్త భయమేసింది. వేయించిన బియ్యప్పిండి. ‘‘జావ కాచుకుని చల్లార్చుకో. కనుమకి మళ్లీ రా. తింటే తిను, లేకపోతే లేదు. రావడం మానకు’’ అంది.

ఆఫీసులో ఎడిటర్‌గారు అడిగారు, ‘‘ఎలా ఉన్నాయి రుచులు?’’ అని. ‘‘తెలీదు సార్‌. నాకు తినడం కుదరదు’’ అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి కాసేపు చూసి, ‘‘అయితే అదే రాయి’’ అన్నారు. కాజాలు, పనసపొట్టు గురించి మా ఫొటోగ్రాఫర్‌ తన పేరుతోనే పక్క పేజీలో రాశాడు. తిన్నవాడే రాశాడు కాబట్టి నమ్మకంగా చదవొచ్చు.

సంక్రాంతికి మీ ఇంటికీ చుట్టాలొస్తారు. అందులో ఒకరు కంచం ముందు కూర్చుని మెతుకులు కెలుకుతూ ఉండొచ్చు. వడ్డించే చెయ్యి ఒక్క నిమిషం ఆపి, మా పిన్ని అడిగినట్టు అడిగి చూడండి. జవాబు విన్నాక, వాళ్ల ఆకు కిటికీ పక్కన వేయండి.